ఆ పిల్లకి ఈత రాదా అమ్మమ్మా?

వేసవి సెలవులు వచ్చాయంటే ఇంట్లో అమ్మమ్మలకీ నానమ్మలకీ రెండు ఉద్యోగాలు. పగలు ఆవకాయ జాడీలు, వడియాలు, అప్పడాలు. రాత్రి కథలు. మొదటిది ఏటా చేసేదే కాబట్టి కళ్ళు మూసుకుని చేసేస్తాం. రెండోదే కష్టం. ఈ కాలం పిల్లలకి కథ చెప్పడమంటే మాటలా! చేతిలో సెల్‌ఫోను ఉంటుంది, ప్రపంచంలోని కథలన్నీ అందులో ఉంటాయి. దాన్ని పక్కన పెట్టి మన మొహంకేసి చూడాలంటే మన కథలో సత్తా ఉండాలి. పైగా ప్రశ్నలు. మనం చిన్నప్పుడు "ఊ" కొట్టి ఊరుకునేవాళ్ళం. వీళ్ళు అడుగడుక్కీ "ఎందుకూ?" అంటారు.

ఆ ప్రశ్నలు మంచివేనండీ. నలభై ఏళ్ళుగా మనం చెబుతున్న కథల్ని ఒకసారి దులిపి ఎండలో వేయమంటాయవి.

ఒక్కసారి గుర్తు చేసుకోండి. 1947 జూలైలో చందమామ మొదలైంది మొదలు మన ఇళ్ళల్లో ఎన్ని తరాలు ఆ కథలు చదివి పెరిగాయో! వాటిలో రాక్షసుణ్ణి చంపినవాడికి రాజుగారు అర్ధరాజ్యమూ ఇచ్చి, కూతుర్నీ ఇచ్చేవారు. ఆ కూతురు ఏం చదువుకుందో, రాక్షసుడంటే ఆవిడ అభిప్రాయమేమిటో మనం ఎప్పుడైనా అడిగామా? అర్ధరాజ్యం పక్కన పెట్టి ఇచ్చే వస్తువు కింద ఆవిడా ఒకటి. చదువుకున్నాం, సంతోషించాం, పెళ్ళిళ్ళు చేసుకుని వచ్చేశాం. ఇప్పుడు మనవరాళ్ళు అడుగుతున్నారు.

మాది నల్లజర్ల. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు మా మండలం తూర్పు గోదావరిలోకి వెళ్ళింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది. కొల్లేరు ఏలూరు జిల్లాకి పోయింది. కాగితాల మీద ఎవరి జిల్లా వారిదైనా కథలు మాత్రం ఇంకా అందరివీ కలిసే ఉన్నాయి. మాది మెట్ట. జీడిమామిడి తోటలు, పామాయిల్ తోటలు, మొక్కజొన్న చేలు. మా పిల్లలకి నీళ్ళంటే బోరు కింద నీళ్ళే. అందుకే కొల్లేరు అంటే వాళ్ళకి అదో మాయాలోకం. నీళ్ళ మధ్యలో ఊళ్ళేమిటి, వాటిని లంకలనడమేమిటి, తాటిదోనెల మీద తిరగడమేమిటి, ఎక్కడి దేశాలనుంచో పక్షులొచ్చి వాలడమేమిటి! పోయిన వేసవిలో కరెంటు పోయిన రాత్రి, చింతపండు గింజ తీస్తూ, కొల్లేటి కథ ఒకటి చెప్పాను. ఆ వైపు వాళ్ళందరికీ తెలిసిన పాత కథే.

గజపతుల కాలంలో కొల్లేటి మధ్య లంక మీద కొల్లేటికోట ఉండేదట. చుట్టూ నీళ్ళే కాపలా. శత్రుసేన వచ్చి ఒడ్డున చిగురుకోటలో దిగింది. నీళ్ళు దాటలేక, కొల్లేటి నీళ్ళన్నీ సముద్రంలోకి పోయేలా ఒక కాలువ తవ్వడం మొదలుపెట్టింది. అదే ఇప్పటి ఉప్పుటేరు అంటారు. అప్పుడు గజపతుల సేనాని దేవతలు కరుణించాలని తన కన్నకూతుర్నే బలి ఇచ్చాడట. అందుకే ఆ చోటుకి పేరంటాళ్ల కనుమ అని పేరు వచ్చిందట.

కథ అయిపోయింది. అందరూ నిశ్శబ్దం. మా మనవరాలు, తొమ్మిదేళ్ళది, చింతపండు బద్ద చేతిలో పట్టుకుని అడిగింది: "ఆ పిల్లకి ఈత రాదా అమ్మమ్మా?"

నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. ఆ ప్రశ్న వెనకాలే ఇంకో నాలుగు వచ్చాయి. ఆ పిల్ల పేరేమిటి? ఎన్నేళ్ళు? తనని అడిగారా? పారిపోవచ్చు కదా? ఒక్కదానికీ పాత కథలో జవాబు లేదు. కోటకి పేరుంది, ఒడ్డుకి పేరుంది, ఏటికి పేరుంది. ప్రాణం పెట్టిన పిల్లకి మాత్రం పేరు లేదు, ఒక్క మాట కూడా లేదు.

పేరంటాలు అంటే ఏమిటో మనకి తెలుసు. పసుపు కుంకాలకి పిలిస్తే వచ్చే ముత్తైదువ. అయితే మన కోస్తా ఊళ్ళల్లో ఆ మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. భర్తతో చితి ఎక్కినదో, ఊరి కోసం ప్రాణం విడిచినదో, పుణ్యస్త్రీగా పోయినదో, ఆవిడని పేరంటాలుగా నిలిపి, చెట్టు కిందో గట్టు మీదో గుడి కట్టి కొలుస్తారు. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ వంటి పెద్ద దేవతలున్నారు, పేరు కూడా చెరిగిపోయిన చిన్న చిన్న పేరంటాళ్ళూ ఉన్నారు. మొక్కుకునేటప్పుడు చేతులు వాటంతటవే జోడవుతాయి, నాకూ అంతే. కానీ పిల్లల ముందు కూర్చుని ఈ కథలన్నీ వరసగా తలుచుకుంటే ఒక సంగతి కనిపిస్తుంది. మన కథల్లో మగపిల్లాడి ధైర్యానికి బహుమతి రాజ్యం. ఆడపిల్ల ధైర్యానికి బహుమతి గుడి. గుడి కావాలంటే ముందు చచ్చిపోవాలి కదండీ!

కొల్లేరు ఒక్కటే కాదు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ఒక రెడ్డిగారి చిన్న కోడలు ముసలమ్మ ప్రాణం ఇచ్చి నిలిపిందని కథ. కట్టమంచి రామలింగారెడ్డిగారు చదువుకునే రోజుల్లోనే దాన్ని 'ముసలమ్మ మరణము' అని కావ్యంగా రాశారు. ఆయనే తరవాత, 1926లో, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. కన్నడం వాళ్ళకి భాగీరథి ఉంది. చెరువులో నీళ్ళు పడడం లేదని ఆ ఇంటి చిన్న కోడల్ని ఆహుతి ఇచ్చిన పాట అది. సముద్రాలు దాటి వెళ్ళినా ఇదే వరస. గ్రీసు దేశంలో ఆర్టా వంతెన నిలవాలంటే మేస్త్రి భార్యని పునాదిలో పెట్టాలన్నారు. సెర్బియా వాళ్ళ పాటలో స్కదర్ కోట గోడలో పసిబిడ్డ తల్లిని కట్టేశారు. చెరువు కట్టకీ, వంతెనకీ, కోటకీ ఎక్కడ చూసినా అడుగున ఒక ఆడకూతురే. సున్నం, ఇటుక లాగే ఆవిడా ఒక సామాను!

మరి ఈ కథలు మార్చవచ్చా? మా ఎదురింటి పెద్దాయన అరుగు మీద కూర్చుని అంతా విని, "అమ్మవారి కథల జోలికి పోకూడదమ్మా, పాపం" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మవారు ఉన్నారు. ఫాల్గుణ మాసంలో జాతరకి జనం పడవల మీద వెళ్ళేవారు, ఇప్పుడూ వేలమంది వెళతారు. ఆ తల్లిమీద నాకు భక్తి ఉంది. నేను మార్చాలన్నది అమ్మవారిని కాదు, ఆవిడ పేరు చెప్పి పిల్లని నీళ్ళలోకి తోసిన మనుషుల్ని.

పైగా కథలు మారుతూనే ఉంటాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలందరికీ తెలిసిన ఎర్రటోపీ పాప కథే తీసుకోండి. ఫ్రాన్సులో 1697లో పెరో అనే ఆయన అచ్చు వేసినప్పుడు తోడేలు పాపని తినేసింది, కథ అక్కడితో సరి. 1812లో జర్మనీలో గ్రిమ్ అన్నదమ్ములు వేసినప్పుడు ఒక వేటగాడు వచ్చి తోడేలు పొట్ట చీల్చి కాపాడాడు. కానీ ఫ్రాన్సు పల్లెటూళ్ళలో జనం నోట్లో ఉన్న కథ వేరు. అందులో పాప "బయటికెళ్ళాలి" అంటుంది. తోడేలు కాలికి తాడు కట్టి పంపిస్తుంది. పాప ఆ తాడు విప్పి చెట్టుకి కట్టేసి ఇంటికి పరుగెడుతుంది. వేటగాడూ లేడు, ఎవరూ లేరు. తన తెలివే తనకి దిక్కు. పుస్తకంలోకి ఎక్కేసరికి ఆ తెలివి కాస్తా జారిపోయింది.

మనకీ అలా జారిపోయినవి ఉన్నాయి. బాలనాగమ్మ కథ చూడండి. బుర్రకథల్లో విన్నాం, 1942లో జెమినీవారు కాంచనమాలతో సినిమా తీస్తే మన అమ్మలు చూశారు. మాయల ఫకీరు, సప్త సముద్రాల అవతల చిలకలో ప్రాణం, దాన్ని తెచ్చిన కొడుకు బాలవర్ధిరాజు, ఇవే గుర్తుంటాయి అందరికీ. కానీ ఆ కొడుకు పెరిగి పెద్దయ్యి వచ్చేదాకా ఫకీరుని దగ్గరికి రానివ్వకుండా ఆపిందెవరు? నోము ఉంది, వ్రతం ఉంది, గడువు తీరాలి అని ఏళ్ళకేళ్ళు నెట్టుకొచ్చింది బాలనాగమ్మ కాదూ? కత్తి పట్టుకున్న ధైర్యం ఒక రోజు పని. అలా గడువు అడిగి నిలబడే ధైర్యం పద్నాలుగేళ్ళ పని. అది ధైర్యమని మనం పిల్లలకి చెప్పం.

రుద్రమదేవి సంగతీ అంతే. మాకు దగ్గర్లోని నిడదవోలు కోడలావిడ. చాళుక్య వీరభద్రుణ్ణి చేసుకుంది. రాజ్యం చేయడానికి రుద్రదేవ మహారాజు అని మగపేరు పెట్టుకోవలసి వచ్చింది. 1289లో ఆవిడ మరణించినట్టు చందుపట్ల శాసనం చెబుతోంది. నిజంగా ఉన్న రాణికే పేరు మార్చాల్సి వస్తే, పేరే లేని కొల్లేటి పిల్ల మాటేమిటి?

సరే, కథ మళ్ళీ అల్లుదాం అన్నాను పిల్లలతో. ముందు పేరు. మనవరాలు నీలవేణి అంది. పక్కింటి అయిదేళ్ళ బుడుగు అంత పొడుగు పేరు పలకలేనన్నాడు. నీల అని ఖాయం చేశాం. ఈత వచ్చు అని ఒకరు, దోనె నడపడం వచ్చు అని ఒకరు. ఇలా అల్లుతుంటే, వెనకాల గుమ్మానికి ఆనుకుని వింటున్న పెద్దపిల్ల ఒకటి మెల్లిగా అడిగింది: "మామ్మగారూ, మరి వాళ్ళమ్మ ఏమీ అనలేదా?"

ఆ అమ్మాయి మా వీధిలో పిల్లే. పదోతరగతి పరీక్షలు రాసి కూర్చుంది. మంచి మార్కులొస్తాయని అందరూ అనేవారు. ఇంట్లో మాత్రం సంబంధం ఒకటి నడుస్తోంది. కట్నం తక్కువ, పొలం ఉంది, వెనకాల ఇంకో చెల్లెలుంది, తండ్రికి అప్పుంది. "ఇంటి కోసం ఈ మాత్రం చేయలేవా" అన్న మాట ఆ పిల్ల అప్పటికి ఎన్నిసార్లు విందో. చట్టం ప్రకారం పద్దెనిమిది నిండాలని అందరికీ తెలుసు. తెలిసినా, బంధువులు కూర్చుని మాట్లాడుకునేటప్పుడు ఆ చట్టం గురించి ఎవరూ ఎత్తరు.

ఆ ప్రశ్నకి నా చేతిలో చింతపండు ఆగిపోయింది. నిజమే. పాత కథలో తండ్రి ఉన్నాడు, శత్రువు ఉన్నాడు, దేవతలున్నారు. తల్లి లేదు. ఆ రాత్రి కథ అక్కడితో ఆపేసి, పడుకుని ఆలోచించాను. తల్లిని వెతికి తీసుకురాకుండా ఈ కథ చెప్పకూడదనుకున్నాను. మర్నాడు రాత్రి చెప్పిన కథ ఇది. మీరూ మీ పిల్లలకి చెప్పుకోవచ్చు.

నీల కథ

అనగనగా కొల్లేటి మధ్యలో ఒక కోట. ఆ కోటలో ఒక సేనాని, ఆయనకి భార్య, వాళ్ళకి ఒక్కతే కూతురు. పేరు నీల. పన్నెండేళ్ళు. నీలకి బొమ్మలకన్నా దోనె అంటే ఇష్టం. గడ వేసి కిక్కిస పొదల మధ్య సన్నటి దారుల్లో తిరిగేది. గూడబాతులు ఎక్కడ వాలతాయో, కొరమేను ఎక్కడ పిల్లల్ని పెడుతుందో అన్నీ తెలుసు.

నీలకి ఒక అలవాటు ఉంది. పొద్దున్నే రేవు మెట్టు మీద, నీళ్ళు ఎంతవరకు ఉన్నాయో అక్కడ గవ్వతో గీత గీసేది. ఎండాకాలంలో నీళ్ళు తగ్గడం మామూలే. వారానికి బెత్తెడు. కానీ ఆ వారం చూస్తే గీతకీ గీతకీ మధ్య మూరెడు ఎడం!

"నాన్నగారూ, కొల్లేరుకి ఎక్కడో చిల్లు పడింది" అని వెళ్ళి చెప్పింది. సేనాని వేగులవాళ్ళని పంపాడు. వాళ్ళు వచ్చి, "శత్రువులు సముద్రంలోకి కాలువ తవ్వుతున్నారు. ఇంకో పది రోజుల్లో మనిషి నడిచి రావచ్చు" అన్నారు.

సభలో అందరూ తలలు పట్టుకున్నారు. అప్పుడు ఒక ముసలి మంత్రగాడు లేచి, "నీళ్ళు ఆగాలంటే నీళ్ళకి ఆడపిల్లని ఇవ్వాలి. ఇచ్చేవాడు పెద్దవాడైతే ఆ ఇంటి పిల్లే కావాలి" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. సేనాని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. కానీ వద్దని మాత్రం అనలేదు.

కబురు లోపలికి వచ్చింది. నీల తల్లి అప్పుడు పొయ్యి దగ్గర ఉంది. గరిటె కింద పెట్టి, చీర చెంగు దోపుకుని, సభ గుమ్మం దాకా వచ్చింది. అంతకుముందు ఆ గుమ్మం దాకా ఆవిడ ఎప్పుడూ రాలేదు.

"మా పుట్టింటి నోము ఒకటి ఉంది" అంది. "ఆడపిల్లని ఇంట్లోంచి పంపేముందు మూడు రోజులు పట్టాలి. పెళ్ళికైనా అంతే, దీనికైనా అంతే. నోము చెడితే బలి కూడా చెల్లదు."

మంత్రగాడు నసిగాడు. నోము అన్నాక కాదనలేకపోయాడు. మూడు రోజులు గడువు ఇచ్చారు.

గదిలోకి వెళ్ళాక నీల, "అమ్మా, మనకి అలాంటి నోము ఉందా?" అంది.

"ఇప్పుడు పుట్టింది" అంది తల్లి. "నువ్వు గీతలు గీశావు కదా. నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో కూడా చూసి రా. కారణం తెలియకుండా బలి ఎవరికిస్తారు, ఎందుకిస్తారు?" చద్ది మూట కట్టింది. ఒక చిన్న కుండ ఇచ్చింది. "నాకు భయంగా ఉందమ్మా" అంది నీల. "నాకూ భయంగానే ఉంది. వెళ్ళిరా" అంది తల్లి.

ఆ రాత్రి నీల దోనె మీద బయలుదేరింది. చీకట్లో చుక్కలు చూసుకుంటూ, గడ చప్పుడు కాకుండా, కిక్కిసలో నక్కుతూ, తెల్లారేసరికి కాలువ దగ్గరికి చేరింది. చూస్తే వందలమంది పారలు పట్టుకుని తవ్వుతున్నారు. ఆడవాళ్ళు తట్టలతో మట్టి మోస్తున్నారు. వాళ్ళు శత్రు దేశం వాళ్ళు కారు. కొల్లేటి ఒడ్డు ఊళ్ళవాళ్ళే! సిపాయిలు కొరడా పట్టుకుని వెనకాల నిలబడితే చేస్తున్నారు పాపం.

నీల కూడా ఒక తట్ట నెత్తిన పెట్టుకుని వాళ్ళలో కలిసిపోయింది. పగలంతా మట్టి మోసింది. భుజాలు వాచిపోయాయి. రాత్రి అందరూ పడుకున్నాక కాలువ చివరిదాకా నడిచి వెళ్ళింది. పగలు సముద్రం వైపు పోయిన నీళ్ళు, రాత్రి పోటు వేళకి వెనక్కి తిరిగి వస్తున్నాయి! చేత్తో ముంచి నాలిక మీద వేసుకుంది. ఉప్పు! కుండ నింపుకుంది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే ఒక ముసలావిడ "దాహం తల్లీ" అంది. నీల కుండ అందించింది. ఆవిడ ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

"ఇవేం నీళ్ళే, ఉప్పు కషాయం!"

"రేపు మన కొల్లేటి నీళ్ళు ఇవే అవ్వా" అంది నీల. "వాళ్ళు నీళ్ళు బయటికి పంపే దారి తవ్వుతున్నామనుకుంటున్నారు. అది సముద్రం లోపలికి వచ్చే దారి కూడా. కోట పోతే ఒక కోటే పోతుంది. కొల్లేరు పోతే మీ చేలు, మీ చేపలు, మీ పిల్లలు తాగే నీళ్ళు అన్నీ పోతాయి."

కుండ ఒక చేతినుంచి ఇంకో చేతికి వెళ్ళింది. అందరూ ఒక్కో చుక్క నాలిక మీద వేసుకున్నారు. ముందు ముసలావిడ తట్ట కింద పెట్టింది. తరవాత ఆవిడ కోడలు. తరవాత ఒకరి వెనక ఒకరు ఆడవాళ్ళందరూ. అది చూసి మగవాళ్ళు పారలు కింద పెట్టారు.

శత్రు సేనాని గుర్రం మీద వచ్చి, "ఎవరు చెప్పారు మీకు? చూపించండి!" అని అరిచాడు. నీల గుండె దడదడలాడింది. ఒక్కరూ నోరు విప్పలేదు. అందరి కాళ్ళకీ మట్టే, అందరి పక్కనా తట్టే. ఎవరని పట్టుకుంటాడు? చీకటి పడేసరికి కాలువ గట్టు మీద మనిషి లేడు. తట్టలు మాత్రం మిగిలాయి.

మూడో రోజు తెల్లవారుతోంది. కోట రేవులో పూలదండలు, డప్పులు. మంత్రగాడు తొందరపెడుతున్నాడు. నీల తల్లి ఆఖరి మెట్టు దిగి మోకాలి లోతు నీళ్ళలో అడ్డంగా నిలబడింది. "నోము ఇంకా పూర్తి కాలేదు" అంటోంది. అప్పుడు కిక్కిసలోంచి దోనె వచ్చింది.

నీల దిగి కుండ తండ్రి చేతిలో పెట్టింది. "తాగండి నాన్నగారూ. మీరు నన్ను ఇవ్వబోయింది ఈ నీళ్ళకే." చూసినదంతా చెప్పింది. తండ్రి ఆ నీళ్ళు నోట్లో పోసుకున్నాడు. చాలాసేపు తల ఎత్తలేదు.

"మరి అమ్మవారికేం ఇస్తారు?" అన్నాడు మంత్రగాడు.

"పొంగలి పెడతాం" అంది నీల తల్లి. "ఆవిడా ఒక అమ్మే."

నాలుగు రోజులకి మృగశిర కార్తె వచ్చింది. వానలు పట్టుకున్నాయి. తమ్మిలేరు పొంగింది, బుడమేరు పొంగింది. కొల్లేరు నిండి ఒడ్డు దాటి శత్రువుల డేరాల్లోకి వచ్చింది. వాళ్ళు సామాన్లు నెత్తిన పెట్టుకుని వచ్చిన దారినే పోయారు. వానలు వెలిశాక, తట్టలు కింద పెట్టిన ఆడవాళ్ళందరినీ నీల తల్లి ఆ కాలువ గట్టుకి పేరంటానికి పిలిచింది. పసుపు రాసి, కుంకుమ పెట్టి, తాంబూలం ఇచ్చింది. పేరంటాళ్ళందరూ వచ్చారు కాబట్టి ఆ చోటుకి పేరంటాళ్ల కనుమ అని పేరు వచ్చింది.

కథ కంచికి, మనం ఇంటికి.

చివరి మాట దగ్గర మా మనవరాలు చప్పట్లు కొట్టింది. ఊరి పేరు మార్చలేదు, ఏటి పేరు మార్చలేదు. పేరంటాలు అన్న మాటని దాని మొదటి అర్థానికి తీసుకెళ్ళాం, అంతే. ఎదురింటి పెద్దాయన మాత్రం ఒప్పుకోలేదు. "పాత కథ కూడా చెబుతూ ఉండమ్మా" అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. అప్పటినుంచి ఏ పిల్లలకి చెప్పినా రెండూ చెబుతున్నాను. ముందు పాతది, తరవాత నీలది. పాతది దాచేస్తే, ఒకప్పుడు ఇలా ఆడపిల్లల్ని ఇచ్చిన కథలు మనం భక్తిగా చెప్పుకున్నామని వాళ్ళకి తెలియకుండా పోతుంది.

నీళ్ళ సంగతి కట్టుకథ కాదని కూడా పిల్లలకి చెప్పాను. కొల్లేరు కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లం. ఏర్లూ డ్రెయిన్లూ తెచ్చిన నీళ్ళు అందులో చేరి ఉప్పుటేరు గుండా సుమారు 60 కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో కలుస్తాయి. ఎండల్లో కొల్లేరు ఎండితే ఆ దారినే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. 1999లో కొల్లేటిని పక్షుల అభయారణ్యం చేశారు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేర్చారు. 2006లో లోపలి చేపల చెరువుల గట్లు కొట్టించారు. ఆ నీళ్ళ మీద తగువు ఇంకా తీరలేదు. నీల గీతలు గీసిన రేవు మెట్టు ఎక్కడుందని మా బుడుగు అడిగాడు. ఈసారి తీసుకెళ్ళినప్పుడు వాడే ఒకటి గీస్తాడట.

మీరూ ఇలా మీ ఊరి కథ అల్లుకోవాలంటే పెద్ద పాండిత్యం అక్కరలేదు. నాకు తెలిసిన నాలుగు చిట్కాలు చెబుతాను. మొదటిది, అమ్మాయికి పేరు పిల్లల చేతే పెట్టించండి. తాము పేరు పెట్టిన పిల్లని వాళ్ళు చచ్చినా చావనివ్వరు. రెండోది, ఆ పిల్లకి భయం ఉండనివ్వండి. భయం లేని పిల్ల మన పిల్లలకి చుట్టం కాదు. మూడోది, మంత్రదండం ఇవ్వకండి. గీత గీయడం, రుచి చూడడం, ప్రశ్న అడగడం, నోరు మూసుకుని నలుగురిలో కలవడం వంటి పదేళ్ళ పిల్ల చేయగలిగే పనులే ఇవ్వండి. నాలుగోది, మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టండి. తండ్రి తల ఎత్తలేదు అన్నచోట మా బుడుగు, "వాళ్ళ నాన్న సారీ చెప్పలేదా?" అన్నాడు. అది వాడి వాటా.

అన్నిటికన్నా ముఖ్యం, కథలోకి తల్లిని తీసుకురండి. మన పాత కథల్లో ఆడపిల్ల ఒంటరిగా చితి దగ్గరికో చెరువు దగ్గరికో నడుస్తుంది. ఆ వేళకి తల్లి ఏ వంటింట్లో ఉందో ఎవరూ చెప్పరు. ధైర్యం ఉన్న పిల్ల కావాలంటే, "మూడు రోజులు ఆగండి" అనే మనిషి ఆ ఇంట్లో ఒకరైనా ఉండాలి.

గుమ్మానికి ఆనుకుని విన్న ఆ పెద్దపిల్ల, నీల కథ చెప్పిన రాత్రి వాళ్ళమ్మని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ చివరిదాకా కూర్చుని, ఏమీ అనకుండా, నా పళ్ళెంలో మిగిలిన చింతపండు గింజ కూడా తీసి ఇచ్చి వెళ్ళింది. ఆ సంబంధం మాట ఇంకా నలుగుతూనే ఉందట. తండ్రి ముభావంగా ఉన్నాడట. కానీ జూన్‌లో ఆ అమ్మాయి తాడేపల్లిగూడెంలో ఇంటర్‌లో చేరింది. రోజూ పొద్దున్నే మా వీధి మలుపులో బస్సు కోసం నిలబడుతుంది. దరఖాస్తు మీద సంతకం వాళ్ళమ్మ చేసింది.